మామయ్యను రోజుకు ఎన్నిసార్లు లేపుతారు? గుంటూరులో మేం వాడిన మూడు సర్వీసుల మీద నా రివ్యూ

పక్షవాతం వచ్చిన పెద్దాయనో పెద్దావిడో ఇంట్లో ఉంటే అందరికీ వచ్చే ప్రశ్నే ఇది. ఏజెన్సీ నుంచి అటెండెంట్‌ని పెట్టుకోవాలా, వృద్ధుల హోమ్‌లో చేర్చాలా, పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం దింపే డే కేర్‌కి పంపాలా? మా మామయ్య కోసం మేం మూడూ వాడాం. పేర్లు రాయడం లేదు. ఏ ఊళ్ళో ఏ చోటుకి వెళ్ళినా ఏం చూడాలో తెలిస్తే పేరుతో పని లేదు. నా లెక్కలో డే కేర్‌కి అయిదుకి నాలుగున్నర, హోమ్‌కి రెండున్నర. ఏజెన్సీకి మార్కులు వేయలేను, అక్కడ అంతా వచ్చిన మనిషిని బట్టి ఉంటుంది.

మామయ్యకి 76 ఏళ్ళు. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. మాచర్ల బస్సులో నిలబడే టిక్కెట్లు కొట్టిన మనిషి. రెండేళ్ళ కిందట స్ట్రోక్ వచ్చి ఎడమవైపు పడిపోయింది. మాట బాగానే ఉంది, మతి బాగానే ఉంది. ఎడమ పాదం చీలమండ దగ్గర వేలాడిపోతుంది, అందుకు స్ప్లింట్ (పాదాన్ని నిలిపి ఉంచే పట్టీ) వేస్తాం. కుడి చేత్తో నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని, పక్కన ఒక మనిషి ఉంటే నడుస్తారు. బీపీ, షుగరు మామూలే. ఇంట్లో అత్తయ్య ఉంటారు గానీ ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఆయన్ని లేపే ఓపిక లేదు. నేను బ్యాంకులో చేస్తాను, మావారికి క్యాంపులు. మరిది టెక్సస్‌లో ఉంటాడు, సగం ఖర్చు అతనే భరిస్తాడు.

ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో ఇంటికొచ్చే ఫిజియో ఒక మాట అన్నాడు. "మేడమ్, నేను చేయించేది అరగంట. మిగతా రోజంతా సార్ ఏం చేస్తున్నారో అది చెప్పండి ముందు." ఆ తర్వాత ఏ చోటు చూసినా నేను ఆ లెక్కతోనే చూశాను. తిండి, శుభ్రం, మందులు అందరూ చూస్తారు. మనిషి రోజు మొత్తంలో ఎన్నిసార్లు కుర్చీలోంచి లేచాడు, ఎంత దూరం నడిచాడు, తన పని ఎంత తను చేసుకున్నాడు, ఇది ఎవరూ అడగరు. అడిగితే చాలాచోట్ల జవాబు ఉండదు.

ముందు ఏజెన్సీ సంగతి. ఇరవై నాలుగు గంటల మనిషికి నెలకి 24,000, తిండి మనదే. మొదట వచ్చిన కుర్రాడు చాలా మంచివాడు. స్నానం, డైపరు, తిండి పెట్టడం అన్నీ నీట్‌గా చేసేవాడు. మామయ్య అడక్కముందే మంచినీళ్ళు మంచం దగ్గరికి వచ్చేవి, పేపరు వచ్చేది, కాఫీ వచ్చేది. చూడ్డానికి వచ్చిన చుట్టాలంతా "కన్నకొడుకు కూడా ఇంత చేయడమ్మా" అనేవాళ్ళు. నిజమే. కానీ ఆ సేవలో మామయ్య మంచం దిగే అవసరమే లేకుండా పోయింది. పొద్దున్నే డైపరు వేసేస్తే బాత్రూమ్‌కి నడవక్కర్లేదు. భోజనం మంచం మీదికే వస్తే హాల్లోకి రానక్కర్లేదు. నెల తిరిగేసరికి బాగున్న కుడి తొడ కూడా సన్నబడింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని పది రోజులు మంచం మీదే ఉంచితే కాళ్ళలో కిలో దాకా కండ తగ్గిపోయిందని అమెరికాలో 2007లో ఒక అధ్యయనం వచ్చింది. జబ్బు చేసిన మనిషికి ఇంకెంత తగ్గుతుందో ఆలోచించండి.

రెండో ఇబ్బంది భుజం. లేపేటప్పుడు ఆ కుర్రాడు ఎడమ చెయ్యి పట్టి లాగేవాడు. పడిపోయిన వైపు భుజం కండరాలకి పట్టు ఉండదు, కీలు కిందికి జారి ఉంటుంది. దాన్ని లాగితే నొప్పి పుట్టుకొస్తుంది, ఒకసారి వస్తే నెలల తరబడి వదలదు. మామయ్యకి అదే జరిగింది. ఏజెన్సీకి ఫోన్ చేస్తే "ట్రైనింగ్ ఇచ్చే పంపాం మేడమ్" అన్నారు. మీరు ఎవరిని పెట్టుకున్నా మొదటిరోజే చెప్పండి: పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగకూడదు, చంకల్లో చేతులు పెట్టి ఎత్తకూడదు.

తర్వాత పార్వతీపురం వైపు నుంచి వచ్చిన అబ్బాయి మాత్రం బంగారం. డైపరు పగలు తీసేశాడు. కాఫీ హాల్లోనే ఇస్తానని మొండికేశాడు. మాది బ్రాడీపేటలో పాత ఇల్లు, ప్రతి గదికీ పసుపు రాసిన ఎత్తు గడప. వేలాడే పాదం గడపకి తగులుతుందని మేం చెక్కతో వాలు చేయించబోతే, ఇతను గుమ్మం పక్కన గోడకి ఒక కడ్డీ బిగించమన్నాడు. కర్ర అవతల పెట్టి, కడ్డీ పట్టుకుని, పడిపోయిన కాలు ముందు దాటించి, తర్వాత మంచి కాలు. అత్తయ్య శుక్రవారం గడపకి పసుపు రాస్తుంటే మామయ్య అవతల నిలబడి "అయిందా, నేను దాటాలి" అని తొందరపెట్టే రోజులవి. ఆ అబ్బాయి చెల్లెలి పెళ్ళికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఏజెన్సీ పంపిన మూడోవాడు ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు. అందుకే ఏజెన్సీకి మార్కులు వేయలేనన్నాను. మంచివాడు దొరికితే ఇంటిని మించింది లేదు. వాడు వెళ్ళిపోతే అతను నేర్పినవన్నీ అతనితోనే పోతాయి.

ఆ మూడోవాడితో విసిగిపోయి హోమ్‌లో చేర్చాం. ఊరి బయట, కొత్త బిల్డింగు, నెలకి 38,000. మంచి చెప్పాలంటే చాలానే ఉంది. ఎక్కడా వాసన లేదు. రాత్రిపూట నర్సు ఉంటుంది. షుగరు టైముకి చూస్తారు. కదల్లేనివాళ్ళని రెండేసి గంటలకి పక్కకి తిప్పుతారు, మేం ఉన్నన్నాళ్ళూ అక్కడ ఎవరికీ పుండు పడటం చూడలేదు. పొద్దున పదింటికి ఫిజియో వచ్చి అరగంట చేయిస్తాడు. ఆ వీడియో కుటుంబాల వాట్సాప్ గ్రూపులో పెడతారు. అందరూ కుర్చీల్లో కూర్చుని చేతులు పైకెత్తి చప్పట్లు కొడుతుంటారు. టెక్సస్‌లో మరిది అది చూసి "నాన్న యాక్టివ్‌గా ఉన్నారు వదినా" అని సంతోషపడేవాడు.

ఒక సెలవు రోజు పొద్దున టిఫిన్ టైము నుంచి దీపాలు పెట్టేదాకా నేను అక్కడే కూర్చున్నాను. టిఫిన్ అవగానే అందర్నీ హాల్లో వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టారు, ఎదురుగా టీవీలో భక్తి చానెల్. ఫిజియో వచ్చాడు, వెళ్ళాడు. పన్నెండున్నరకి భోజనం. మామయ్య కర్రతో నడవగలరు, డైనింగ్ హాలు పట్టుమని ఇరవై అడుగులు లేదు. అయినా వీల్‌చైర్ తెచ్చి ఎక్కించేశారు. ఎందుకు అని అడిగితే ఆ అమ్మాయి నిజాయితీగానే చెప్పింది: "ఆంటీ, మేం ఇద్దరం, వీళ్ళు పధ్నాలుగు మంది. తాతగారిని నడిపిస్తే పది నిమిషాలు. కుర్చీలో అయితే ఒక నిమిషం." మేనేజర్‌ని అడిగితే ఇంకో మాట. "పడితే మీరే మమ్మల్ని నిలదీస్తారు కదండీ." ఆయన మాటలో తప్పు పట్టలేను. పడ్డారని గొడవ పెట్టే కుటుంబాలు ఉన్నాయి, నడిపించలేదని గొడవ పెట్టినవాళ్ళు ఎవరూ లేరు. మధ్యాహ్నం నిద్ర, మళ్ళీ హాలు, మళ్ళీ టీవీ. సాయంత్రానికి మామయ్య పాదాలు నీరు పట్టి ఉబ్బాయి.

మరిది అక్కడినుంచి అడుగులు లెక్కపెట్టే వాచీ పంపాడు. దీని గురించి కాస్త చెప్పాలి, చాలామంది కొంటున్నారు కాబట్టి. ఎడమ చేతికి కడితే అది కదలని చెయ్యి, అడుగులే పడలేదు. కుడి చేతికి కడితే అది కర్ర మీద బిగిసి ఉంటుంది, ఊగదు. అప్పుడూ సరిగ్గా పడలేదు. మెల్లగా కాలు ఈడ్చి నడిచేవాళ్ళ అడుగులు ఈ వాచీలకి సరిగా అందవట. చివరికి ఫిజియో సలహాతో మంచి కాలి చీలమండకి కట్టాం. అప్పుడు లెక్క కాస్త నమ్మేలా వచ్చింది. హోమ్‌లో రోజంతా కలిపి వందల్లోనే, అదీ ఎక్కువభాగం ఆ పొద్దున పదింటి ఫిజియో టైములో పడినవే.

హోమ్ ఎవరికీ పనికిరాదని నేను అనను. రాత్రిపూట నర్సు అవసరం ఉన్నవాళ్ళకి, ముక్కులో గొట్టం ఉన్నవాళ్ళకి, ఇంట్లో ఎవరూ లేనివాళ్ళకి అదే దారి. కాసేపు నిలబడగలిగిన మనిషికి మాత్రం అక్కడ ఆ నిలబడటం కూడా పోతుంది.

ఇక డే కేర్. మా అదృష్టం ఇది ఊళ్ళోనే ఉంది. ఒక ఫిజియోథెరపిస్టు, ఆయన భార్య కలిసి అద్దె ఇంట్లో నడుపుతున్నారు. తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర దాకా, ఆదివారం సెలవు. భోజనంతో కలిపి నెలకి 16,000, వ్యాన్‌కి ఇంకో 4,000. మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు నిరాశే కలిగింది. మెషీన్లు లేవు, పెద్ద హాలు లేదు, గోడలకి రంగు వెలిసింది. కాసేపు ఉన్నాక గమనించాను, అక్కడ ఎవరూ ఒకేచోట గంటసేపు కూర్చోవడం లేదు.

మంచినీళ్ళ కుండ హాలుకి ఆ చివర ఉంటుంది. నీళ్ళు ఎవరికీ తెచ్చివ్వరు, దాహమైనవాళ్ళు లేచి వెళ్ళాలి, పక్కన ఒకరు తోడు వస్తారు. గోడల వెంట నడుం ఎత్తున కడ్డీ ఉంది. కుర్చీలన్నిటికీ చేతులున్నాయి. మామయ్య మోకాలి ఎత్తు కొలిచి, ఆయన కుర్చీ కింద చెక్కలు పెట్టి ఎత్తు పెంచారు. పల్లపు సోఫాలోంచి లేవలేని మనిషి సరైన ఎత్తు కుర్చీలోంచి లేస్తాడని నాకు అప్పుడే తెలిసింది. పగలు డైపరు వేయరు. గంటన్నరకో రెండు గంటలకో ప్రతి ఒక్కరినీ అడిగి బాత్రూమ్‌కి నడిపిస్తారు. అంటే ఇంకేం చేయకపోయినా రోజుకి నాలుగైదుసార్లు లేవడం, నడవడం, కూర్చోవడం, మళ్ళీ లేవడం అయిపోతుంది.

లేపే పద్ధతి ఒక్కటి చూస్తే చాలు, మొత్తం అర్థమవుతుంది. అక్కడి అమ్మాయి మామయ్యకి ఎదురుగా కాదు, ఎడమ పక్కన నిలబడుతుంది. చెయ్యి పట్టుకోదు. నడుముకి కట్టిన బెల్టు మీద ఒక చెయ్యి వేస్తుంది, అంతే.

"పెద్దాయనా, ముందు అంచుకి రండి. ఇంకొంచెం. పాదాలు వెనక్కి లాక్కోండి."

"లాక్కున్నానమ్మా."

"ఎడమది లాక్కోలేదు. కుడిచేత్తో సాయం చేయండి. ఆఁ. ఇప్పుడు ముందుకి వంగండి, ముక్కు మోకాళ్ళు దాటాలి."

"పడతానేమోనే."

"నేనున్నాను. వంగండి. ఇప్పుడు లేవండి."

లేస్తారు. ఆ అమ్మాయి చేతిలో బరువేమీ పడదు, నేను పక్కనుంచి చూశాను. వెనక్కి వాలి లేవబోతే ఇద్దరు మగాళ్ళు పట్టినా లేవని మనిషి, ముందుకి వంగితే తన బరువు తనే లేపుకుంటాడు. ఇంట్లో అత్తయ్యకి ఇది నేర్పాను. ఇప్పుడు ఆవిడ మోకాళ్ళ మీద భారం పడకుండానే ఆయన్ని మంచం మీంచి లేపుతారు.

పనులు కూడా ఇస్తారు. వంటకి కావలసిన చిక్కుడుకాయల ఈనెలు తీయడం, గోంగూర వలవడం, కందిపప్పు చేటలో పోసుకుని ఏరడం. కొందరు కూర్చుని, నిలబడగలిగినవాళ్ళు ఎత్తు బల్ల దగ్గర నిలబడి చేస్తారు. ఆడవాళ్ళు దూదితో వత్తులు చేస్తారు, అవి పక్క గుడికి ఇస్తారు. వత్తి చేయాలంటే రెండు చేతులూ కావాలి, పడిపోయిన చెయ్యి కనీసం దూదిని అదిమి పట్టుకోవాలి. రబ్బరు బంతి నొక్కమంటే విసుక్కునే పెద్దావిడ వత్తులు మాత్రం గంటసేపు చేస్తుంది. నిలబడలేనివాళ్ళని కూడా వదిలేయరు. ఇద్దరికి రెండు కాళ్ళూ లేవవు, వాళ్ళని వీపు ఆనించకుండా బల్ల అంచున కూర్చోబెట్టి, దూరంగా పెట్టిన డబ్బాలు వంగి అందుకునేలా చేయిస్తారు. వీల్‌చైర్ చక్రాలు వాళ్ళ చేత్తో వాళ్ళే తిప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన వ్యాయామ సూచనల్లో మొదటిసారి వైకల్యం ఉన్నవాళ్ళ గురించి కూడా విడిగా చెప్పింది: వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, 65 దాటినవాళ్ళకి వారంలో కనీసం మూడు రోజులు తూలకుండా నిలబడే అభ్యాసం, అంత చేయలేనివాళ్ళు చేతనైనంత చేసినా మేలే అని. గోంగూర వలవడం, నీళ్ళకి లేచి వెళ్ళడం ఆ 'చేతనైనంత'లో వస్తాయని ఆ ఫిజియో చెప్పారు.

మామయ్యకి భోజనం టోకెన్ల పని ఇచ్చారు. ఆయన కండక్టర్ అని తెలిశాక వాళ్ళే ఆలోచించారు. మెళ్ళో ఒక సంచీ, అందులో రంగు అట్టముక్కలు: షుగరు ఉన్నవాళ్ళకి ఒక రంగు, ఉప్పు తగ్గించాల్సినవాళ్ళకి ఒకటి, మెత్తగా కలపాల్సినవాళ్ళకి ఒకటి. పదకొండున్నరకి ఆయన లేచి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఇవ్వాలి. ప్రతి కుర్చీ దగ్గరా ఆగి, కర్ర నిలబెట్టి, కుడి చేత్తో సంచీలోంచి తీసి ఇస్తారు. ఆ ఆగిన క్షణంలో దేన్నీ పట్టుకోకుండా రెండు కాళ్ళ మీదే నిలబడుతున్నారన్నమాట. పక్కన బెల్టు మీద చెయ్యి వేసి ఒకరు ఉంటారు గానీ మాట్లాడరు. ఎవరైనా నిద్రపోతుంటే "అమ్మా, టికెట్" అని గట్టిగా పిలుస్తారు. ఆ గొంతు నేను రెండేళ్ళుగా ఇంట్లో వినలేదు.

గోడ మీద ప్రతివాళ్ళకీ ఒక కాగితం ఉంటుంది. నెలకోసారి ఒక పరీక్ష: కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి, ఎన్ని సెకన్లు పట్టిందో రాస్తారు. 12 సెకన్లు దాటితే పడే ప్రమాదం ఉన్నట్టే అంటారు. మామయ్యది మొదట్లో యాభై దగ్గర ఉండేది, ఇప్పుడు ముప్ఫైకి దిగింది. అంటే ప్రమాదం పోలేదు. కానీ లెక్క కళ్ళ ముందుంది, మరిదికి ఫొటో తీసి పంపేది కూడా ఇదే.

మామయ్య అక్కడ ఒకసారి పడ్డారు కూడా. బాత్రూమ్ గుమ్మంలో పట్టా అంచుకి పాదం తగిలింది. మోచెయ్యి గీసుకుపోయింది, ఎముకలకేం కాలేదు. పావుగంటలో నాకు ఫోన్ వచ్చింది, ఎలా పడ్డారో దాచకుండా చెప్పారు, సాయంత్రం వెళ్ళేసరికి ఆ పట్టా తీసేశారు. మర్నాడు పంపాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మావారు వద్దన్నారు. మామయ్యే స్ప్లింట్ తెమ్మని అడిగి వ్యాన్ ఎక్కారు.

లోటులు కూడా చెప్పాలి. గేటు దగ్గర రెండు మెట్లున్నాయి, ర్యాంప్ లేదు. అద్దె ఇల్లని ఓనరు ఒప్పుకోవడం లేదట. వ్యాన్ మెట్టు మరీ ఎత్తు, చిన్న స్టూలు వేసి ఎక్కిస్తున్నారు, వానాకాలం అది జారుతుంది. మే నెలలో గుంటూరు ఎండకి, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లే, ఏసీ నడవదు. పోయిన మేలో కొన్ని మధ్యాహ్నాలు మేమే పంపలేదు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకటే బాత్రూమ్. భోజనంలో పచ్చడి కారం తగ్గించమని ఎంత చెప్పినా తగ్గదు. రాత్రి బాధ్యత ఎలాగూ మనదే, దానికి మేం రాత్రిపూట మాత్రం ఒక మనిషిని పెట్టుకున్నాం, అన్నీ కలిపితే హోమ్ ఖర్చుకి దగ్గరకొస్తుంది. ఇది ముందే లెక్క వేసుకోండి.

ఖర్చు అనుకున్నాం కాబట్టి రెండు మాటలు. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత ఉందో చెప్పే ప్రభుత్వ పత్రం) తీసుకోనివాళ్ళు తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 6,000, పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్ళకి 15,000, అర్హతలు సచివాలయంలో చెబుతారు. కర్ర, వాకర్, వీల్‌చైర్ కొనలేని పేద కుటుంబాల్లో 60 దాటినవాళ్ళకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ఉచితంగా ఇస్తారు. ఆ పథకం 2017లో మొదలైంది మన నెల్లూరులోనే. ఎక్కడ అడగాలో తెలియకపోతే పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 ఉంది.

మీరు ఏ చోటైనా చూడ్డానికి వెళ్తే పొద్దున పదింటికి వెళ్ళకండి, అది ఫిజియో టైము, ఎక్కడైనా బాగానే ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి చెప్పకుండా వెళ్ళండి. ఎంతమంది నిలబడి ఉన్నారో, ఎంతమంది టీవీ ముందు తల వాల్చి ఉన్నారో చూడండి. పగలు డైపరు వేస్తారా అని అడగండి. నడవగలిగినవాళ్ళని భోజనానికి ఎలా తీసుకెళ్తారో అడగండి. చివరిసారి ఎవరు ఎప్పుడు పడ్డారు అని కూడా అడగండి. "ఇక్కడ ఎవరూ ఎప్పుడూ పడలేదు" అంటే సంతోషపడకుండా, వాళ్ళు రోజంతా ఏం చేస్తారో ఇంకోసారి అడగండి.

ఆదివారం కూడా తెరవమని మేం కొన్ని కుటుంబాలవాళ్ళం కలిసి డే కేర్‌వాళ్ళని అడిగాం. మనుషులు దొరకడం లేదు, దొరికితే పూట వరకైనా తెరుస్తామన్నారు. పని నేర్చుకోవాలనే ఓపిక ఉన్న కుర్రాళ్ళు, అమ్మాయిలు గుంటూరు చుట్టుపక్కల ఎవరైనా ఉంటే నాకు చెప్పండి, పని డే కేర్‌వాళ్ళే నేర్పిస్తారు, జీతం ఏజెన్సీ ఇచ్చేదానికంటే తక్కువేం కాదు.